కందిపప్పులో ముందు కట్టె

బాపు పోయాక మాకు మిగిలిన పనుల్లో తుపాకి పని ఒకటి. మనిషి పోతే రేషను కార్డులో పేరు తీయించాలి, బ్యాంకులో తీయించాలి, కరెంటు మీటరు మీద మార్పించాలి. వీటన్నిటికీ ఓపిక ఉంటే చాలు. తుపాకికి ఓపికతో పాటు ఆటో కూడా కావాలి. లైసెన్సు మనిషి లేడు కాబట్టి ఇంట్లో ఉంచుకోకూడదు, సిటీలో తుపాకుల దుకాణంలో అప్పజెప్పి రసీదు తెచ్చుకోండి అన్నారు స్టేషనులో. అందుకని ఒక మధ్యాహ్నం స్టేషను వాళ్లు ఇచ్చిన కాగితం జేబులో, పాత దుప్పటిలో చుట్టిన తుపాకి ఒళ్లో పెట్టుకుని మేడ్చల్ నుంచి సిటీ దాకా కూర్చున్నాను. ఆటో అతను అద్దంలోంచి కాసేపు చూసి, "తంబురానా సార్" అన్నాడు. అవునన్నాను. వివరంగా చెప్పే ఓపిక లేదు.

దుకాణం ఆయన నాకన్నా పెద్దవాడు. దుప్పటి విప్పి, తుపాకిని మూడు ముక్కలు చేసి, గాజు బల్ల మీద వరసగా పెట్టాడు. మూడో ముక్కను చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. ఆ కర్రకు ఒక పక్కన అల్యూమినియం పట్టీ బిగించి ఉంది. ఆయన దాన్ని గోరుతో గీకితే గాడిలోంచి పసుపుపచ్చటి బద్ద ఒకటి బల్ల మీద పడింది.

"గిదేంది సాబ్?"

"కందిపప్పు" అన్నాను.

"పప్పు నాక్ తెలుసు. గీ పట్టీ?"

"టార్చిలైటు తగిలించడానికి. ఇంట్లోనే చేసుకున్నాం."

వేరే డాక్టరు వేసిన కుట్లను చూసే డాక్టరులా ఆయన తల ఆడించాడు. రసీదు రాసిచ్చాడు. నేను మాత్రం తిరుగు ప్రయాణమంతా ఆ పట్టీ గురించే ఆలోచిస్తూ వచ్చాను. తుపాకి పోయినందుకు నాకు బాధేమీ లేదు. దానితో నాకు పెద్ద స్నేహం ఎప్పుడూ లేదు.

అది తాత కొన్న సింగిల్ బ్యారెల్ తుపాకి. ఇనప గొట్టం ఒకటి, భుజానికి ఆనించుకునే కుందా ఒకటి, గొట్టం కింద ఎడమ చేత్తో పట్టుకునే ముందు కట్టె ఒకటి. ఈ చివరిది జానెడు పొడవున్న అక్రోటు కర్ర. చపాతీల కర్రను నిలువునా చీల్చినట్టు ఉంటుంది. చూడ్డానికి అంతే గానీ అది లేకపోతే గొట్టం ఊడి చేతికొస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో మొదట కనిపెట్టింది అవ్వ. పొలం ఒడ్డు తగాదాలో తాత ఒకసారి దాయాదుల మీదికి తుపాకితో బయలుదేరాడట. ఆయన చెప్పులు వెతుక్కునే లోపల అవ్వ ఆ కర్ర పీకి కందిపప్పు డబ్బాలో పాతిపెట్టింది. తాత ఇల్లంతా తిరగేసి, తిట్టి, అలిసిపోయి, సాయంత్రానికి పప్పుచారుతో అన్నం తిని పడుకున్నాడు. ఆ పప్పు ఆ డబ్బాలోదేనని ఆయనకు చాలాకాలం తెలియదు.

అప్పటినుంచి అదే మా ఇంటి పద్ధతి. గొట్టం బీరువాలో, కుందా అటక మీద, ముందు కట్టె కందిపప్పులో. అవ్వ తర్వాత ఆ డబ్బా అమ్మ చేతికి వచ్చింది. ఇతర ఇళ్లలో కోడళ్లకు తాళంచెవులు ఇస్తారు. మా ఇంట్లో పప్పు డబ్బా ఇచ్చారు. బాపుకు తుపాకి కావలసి వస్తే వంటింటి గడప దగ్గర నిలబడి, "అది జర ఇయ్యి" అనేవాడు. అమ్మ పొయ్యి మీంచి చూపు తిప్పకుండా "ఎందుకు" అనేది. "పందులు" అనేవాడు. పందులు తప్ప ఇంకో కారణం ఎన్నడూ లేదు. అయినా ఆమె అడగడం మానలేదు, ఆయన చెప్పడం మానలేదు. అప్పుడామె మోచేతి దాకా డబ్బాలో చెయ్యి పెట్టి, కర్రను బయటికి లాగి, పప్పు దులిపి ఇచ్చేది. మిగతా తుపాకుల నుంచి ఏ వాసన వస్తుందో నాకు తెలియదు. మాది మిషను నూనె, కందిపప్పు కలిసిన వాసన. ఇప్పటికీ పప్పు వేయిస్తుంటే నాకు కొంచెం భయం వేస్తుంది.

పందుల గురించి చెప్పాలి. మా చేను గౌడవెల్లి పక్కన, శామీర్‌పేట వైపు వెళ్లే బండ్ల బాటకు ఆనుకుని ఉండేది. అటు గుట్టలు, తుప్పలు, బండరాళ్లు. మక్క కంకి పాలు పట్టే వేళకు అడవి పందులు దిగేవి. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. పెళ్లి భోజనాలకు వచ్చి విస్తరి నిండా పెట్టించుకుని వదిలేసే మనుషుల్లాంటివి. కావలికి పూర్వం జీతగాళ్లు ఉండేవారు. మేడ్చల్‌లో, కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీలు వచ్చాక పొద్దున్నే టిఫిను డబ్బా తగిలించుకుని సైకిలెక్కే మనుషులే గానీ మంచె ఎక్కే మనుషులు దొరకలేదు. అందుకని బాపే వెళ్లేవాడు. పొద్దుగూకే వేళకు ఒకసారి, మళ్లీ అన్నం తిన్నాక ఒకసారి. ఎడమ చేతిలో టార్చి, అదే చేతి వేళ్లతో ముందు కట్టె, కుడి చెయ్యి కుందా దగ్గర. వెలుగు, గొట్టం ఒకే దారిన పోయేవి. వెలుగులో పంది కనబడగానే గొట్టం ఆకాశానికి ఎత్తి కాల్చేవాడు. ఆ తుపాకి తన జీవితంలో ఏ ప్రాణమూ తీయలేదు. ఒకసారి మా సొంత నీళ్ల ట్యాంకుకు చిల్లులు పెట్టింది. అది కూడా తుడిచేటప్పుడు.

నేను అప్పుడు కొత్తగా వెలిసిన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాపు పాఠాలు చెప్పేవాణ్ణి. అంటే పిల్లలకు ఇనపముక్క ఇచ్చి, దాన్ని ఆకురాయితో చతురస్రంగా రాయమని చెప్పి, చివరికి ఏ ఆకారం వస్తే దానికి మార్కులు వేసేవాణ్ణి. పొద్దున పోయి చీకటి పడేలోగా వచ్చేవాణ్ణి. కావలికి నన్ను రమ్మని బాపు ఎన్నడూ అడగలేదు. చదువుకున్న కొడుకు మంచె మీద కూర్చుంటే ఆ చదువు ఎందుకని ఆయన అనుకునేవాడు. ఆ విషయంలో మా ఇద్దరికీ అభిప్రాయ భేదం లేదు.

ఒక వానాకాలం బాపుకు ఎడమ వైపు పడిపోయింది. పది పదిహేను రోజుల్లో కాలు తిరిగి వచ్చింది, మాట వచ్చింది, మూతి సరిగ్గానే నిలబడింది. చెయ్యి మాత్రం భుజం నుంచి మణికట్టు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. వేళ్లు ముడుచుకోవు. బొటనవేలు కదలదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. "జర తిమ్మిరున్నది" అన్నాడు బాపు ఆసుపత్రి నుంచి రాగానే. మేమూ తిమ్మిరి అనే అన్నాం. చుట్టాలు వచ్చి అడిగితే తిమ్మిరి. అమ్మ నీళ్ల గ్లాసు ఆయన కుడి వైపు పెట్టడం మొదలుపెట్టింది, చొక్కాలకు గుండీలు పీకి నొక్కే గుండీలు కుట్టింది, చాయ్ సాసరు లేకుండా ఇచ్చింది. ఎందుకో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బాపు ఆ చేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు. ఎండాకాలంలో కూడా.

అదే రోజుల్లో వెంచర్ల వాళ్లు తెల్ల కార్లలో రావడం మొదలైంది. అరుగు మీద కూర్చుని మ్యాపు పరిచి, చాయ్ తాగి, "ఆలోచన జెయ్యున్రి పటేలా" అని వెళ్లేవారు. బాపు వాళ్లకు అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. ఒకరోజు వాళ్లు వెళ్లాక, నాతో అన్నట్టు కాదు, అరుగుతో అన్నట్టు అన్నాడు.

"మక్క కంకి వడ్తాంది. పందులు దిగుతయ్. కావలి లేని చేను ఉంచుకునుడెందుకు. ఈసారి కాసుడు చేత గాకుంటే అమ్ముడే ఇగ."

చేను ఉంటుందా పోతుందా అన్నది ఇప్పుడు ఆయన చీకట్లో తుపాకి పట్టుకుని నడవగలడా లేదా అన్నదాని మీద ఉందని నాకు అర్థమైంది. మర్నాడు ఆయన సుబ్రహ్మణ్యంగారింటికి బయలుదేరితే వెంట వెళ్లాను.

సుబ్రహ్మణ్యంగారిది గోదావరి జిల్లా. మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునే ఇంజనీరు. మా నాలుగెకరాల మెట్ట చెలక ఒకప్పుడు అమ్ముడుపోయి కాలనీ అయితే, అందులో ఒక ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. పెరట్లో కంద, చేమ వేశారు. పందులకు రిజిస్ట్రేషను సంగతి తెలియదు కాబట్టి అవి పాత అలవాటు కొద్దీ అక్కడికీ వచ్చి తవ్వేవి. ఆ కారణంగా ఆయనకూ బాపుకూ పొత్తు కుదిరింది. వరండాలో ఉయ్యాల వేయాల్సిన చోట ఇనప బిగింపు బల్ల పెట్టుకున్న మనిషి ఆయన.

"సారూ, టార్చి బందూక్‌కే కట్టేటట్టు ఏమన్న ఉపాయముంటదా?" అన్నాడు బాపు. "చేతుల పట్టుకుంటే అటిటు ఊగుతాంది."

"ఎందుకుండదు రెడ్డిగారూ. విదేశాల్లో దాన్ని రైలు అంటారండి. తుపాకి ముందు కట్టెకి చిన్న పట్టీ బిగిస్తారు. గాడి ఉంటుంది. ఆ గాడిలోకి ఏం కావాలంటే అది తోసుకోవచ్చు, మళ్లీ తీసేసుకోవచ్చు."

"రైలా. గౌడవెల్లిల ఆగుతదా మరి?"

సుబ్రహ్మణ్యంగారు ఆ ప్రశ్న గురించి కాసేపు ఆలోచించి, తర్వాత నవ్వారు. అప్పటికే ఆయన పెన్సిలు తీశారు. కాగితం మీద ముందు కట్టెను పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి గీశారు. బాపు శ్రద్ధగా చూశాడు. ఆ బొమ్మల్లో తుపాకి ఉంది, టార్చి ఉంది, పట్టీ ఉంది. చెయ్యి లేదు.

కర్ర తెచ్చే పని నాకు పడింది. వంటింటి గడప దగ్గర బాపు నిలబడే చోటే నిలబడ్డాను.

"అమ్మా, అది ఇయ్యి."

"ఎందుకు?"

"దానికి పట్టీ వెయ్యాలె. టార్చి తగిలిచ్చేటందుకు."

ఆమె గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీ బాపు పట్టుకున్నడా? ఏడ పట్టుకుంటే వాటమొస్తదో జూసిర్రా?"

"సుబ్రహ్మణ్యంగారు డ్రాయింగు గీసిండు."

"డ్రాయింగా" అంది అమ్మ. "అయితే మంచిది." డబ్బాలో చెయ్యి పెట్టి కర్రను లాగి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఒక ఆదివారం సుబ్రహ్మణ్యంగారి వరండాలో పని మొదలైంది. పట్టీ కోసం ఎక్కడికీ వెళ్లలేదు. ఆయన ఇంటికి జరిపే కిటికీలు పెట్టించినప్పుడు మిగిలిన అల్యూమినియం గాడి ముక్క ఉంది. అచ్చం రైలు పట్టాలాగే ఉంది. ఆయన భార్య కాఫీ తెచ్చి, బిగింపు బల్లలో ఉన్న దాన్ని చూసి, "తుపాకి ఇంటికి తెచ్చుకున్నారు, సరే. అది నా వంటింటి కిటికీది కాదు కదండీ?" అని అడిగింది. మిగిలింది అని చెప్పారు. ఆ వంటింటి కిటికీ అప్పటికి నెల రోజులుగా తెరుచుకోవడం లేదని తర్వాత తెలిసింది.

కర్ర గుండ్రం, పట్టీ చదును. మొదటి చిక్కు అదే. కర్రకు ఒక పక్క చదునుగా రాయాలి, ఎక్కువ రాస్తే పలచబడి పగులుతుంది. ఆకురాయి నా చేతికి వచ్చింది. పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠాన్ని మొదటిసారి నేను చేసి చూశాను. నా మార్కులు కూడా గొప్పగా ఏమీ లేవు. అక్రోటు పొట్టు వాసన తీయగా, కొంచెం వగరుగా ఉంటుంది. తాత చేతి చెమట, పప్పు, నూనె అన్నీ పీల్చుకున్న కర్ర అది. లోపలికి పోయేకొద్దీ కొత్త కర్రలా తెల్లబడింది. సుబ్రహ్మణ్యంగారు కొలిచి, మళ్లీ కొలిచి, ఊపిరి బిగబట్టి డ్రిల్లింగు మిషను ఆనించారు. స్క్రూలు బిగించాక పట్టీని ఇద్దరం చెరోసారి లాగి చూశాం. టార్చిని ఆ గాడిలో బిగించడానికి మోటారు గొట్టానికి వేసే క్లిప్పు వాడాం. మధ్యలో సైకిలు ట్యూబు ముక్క.

బావి దగ్గరికి తీసుకెళ్లి ఆకాశానికి ఒకటి కాల్చి చూశాం. తుపాకి వెనక్కి తన్నింది, టార్చి ముందుకు బయలుదేరింది. గాడిలో జర్రున జారి, పేడకుప్పలో దిగబడింది. రైలు పేరు పెట్టుకున్నందుకు ఒక్కసారైనా కదిలింది. ఆ తర్వాతి ఆదివారం గాడి చివర చిన్న అడ్డు బిగించాం. బల్బు తీగ కూడా ఆ దెబ్బకు తెగిందని తెలిసి రబ్బరు ఇంకో మడత వేశాం. ఈసారి కదల్లేదు.

ఇంత జరుగుతున్నంతసేపూ బాపు అక్కడే కుర్చీలో ఉన్నాడు. తువ్వాలు చేతి మీద. స్క్రూల గురించి చెప్పాడు, రబ్బరు గురించి చెప్పాడు, పేడకుప్ప గురించి అడగకుండానే చెప్పాడు. "ఒకపారి పట్టుకుని జూడు బాపూ" అన్నాను రెండు మూడు సార్లు. "మీరు కానియ్యున్రి. అయినంక జూస్త" అన్నాడు ప్రతిసారీ. మేము పట్టుకుని చూసుకున్నాం. సుబ్రహ్మణ్యంగారు భుజానికి ఎత్తి, ఎడమ చెయ్యి ముందు కట్టె కింద వేసి, బొటనవేలితో స్విచ్చి ముందుకు తోశారు. టార్చి వెలిగింది. "బొటనవేలు వెతుక్కోనక్కర్లేదండీ. సరిగ్గా దాని కిందే పడింది" అన్నారు. నేనూ చూశాను. నిజమే. నా బొటనవేలికి, ఆయన బొటనవేలికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

తుపాకి పూర్తిగా బిగించి ఇంటికి తెచ్చిన రోజు పొద్దుగూకుతోంది. వాకిట్లో బర్రె గడ్డి నమిలే చప్పుడు, పొయ్యి మీద పప్పు ఉడికే వాసన. బాపు తువ్వాలు తీసి కుర్చీ మీద వేశాడు. చాలా రోజుల తర్వాత ఆ చెయ్యిని వెలుతురులో చూశాను. సన్నబడింది. గోళ్లు అమ్మ తీసినట్టుంది, ఒక్కతీరుగా ఉన్నాయి. ఆయన కుడిచేత్తో కుందాను చంకలోకి తీసుకుని, ఎడమ అరచేతిని కర్ర కింద గూటిలా పెట్టి, తుపాకిని దాని మీద ఆనించాడు. పట్టుకోలేదు, ఆనించాడు. అయినా తుపాకి నిలబడింది. గొట్టం కొట్టం వైపు తిరిగింది. నేనూ సుబ్రహ్మణ్యంగారూ వెలుగు కోసం ఎదురుచూశాం.

వెలుగు రాలేదు.

"స్విచ్చి ఎడం పక్కనండీ. బొటనవేలి కిందే" అన్నారు సుబ్రహ్మణ్యంగారు.

"తెల్సు సారూ" అన్నాడు బాపు.

ఆయన ఇంకా కొట్టం వైపే చూస్తున్నాడు. బొటనవేలు స్విచ్చి పక్కనే ఉంది, గింజంత దూరంలో. ఎవరో తమ వేలు అక్కడ మర్చిపోయి వెళ్లినట్టు ఉంది. భుజం మాత్రం వణుకుతోంది. వేలితో చేయాల్సిన పనిని భుజంతో చేయడానికి ప్రయత్నిస్తున్నాడని నాకు అర్థమయ్యేసరికి సుబ్రహ్మణ్యంగారికి కూడా అర్థమైంది. ఆయన చటుక్కున నేలచూపు చూశారు.

"సెల్లు లూజయినట్టుందండీ" అన్నారు.

"సెల్లే" అన్నాను నేను. "పొద్దున్నుంచి అనుమానంగనే ఉంది."

ఇద్దరం ఇంజనీర్లం. సెల్లు మీద నిందవేసి అలాగే నిలబడ్డాం. పక్షవాతం వచ్చిన ఎడమ చేతి కోసం ఎడమ బొటనవేలితో వేసే స్విచ్చిని ఎంతో శ్రద్ధగా, పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి డ్రాయింగు గీసి అమర్చాం. ఇంట్లో తిమ్మిరి తిమ్మిరి అని, చివరికి మా కొలతల్లోకి కూడా తిమ్మిరే వచ్చింది. బాపు తుపాకి దించలేదు. దించితే అమ్మినట్టే అనుకున్నాడేమో.

అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ ఆయన పక్కకు వెళ్లి, ఆయన బొటనవేలి పక్కన తన బొటనవేలు పెట్టి స్విచ్చి తోసింది. తెల్లటి వెలుగు కొట్టం గోడ మీద గుండ్రంగా పడింది. మధ్యలో మా బర్రె నమలడం ఆపి మా వైపు చూసింది.

"సెల్లు మంచిగనే ఉన్నది" అంది అమ్మ. ఆయనతో, "పో. పొద్దు బొయ్యింది. కంకి మీద వడ్తయ్" అంది.

బాపు అలాగే, వెలుగుతున్న టార్చితో, వాకిలి దాటి బాట పట్టాడు. మేము ముగ్గురం గేటు దగ్గర నిలబడ్డాం. కావలికి వెళ్లేవాడు చీకట్లో వెళ్లి, పందుల మీద ఒక్కసారిగా లైటు వేయాలి. ఈయన ఊరేగింపులా ఇంటి దగ్గర్నుంచే వెలిగించుకుని వెళ్తున్నాడు. వెలుగు గట్టు మీద, తుమ్మ చెట్ల మీద, సర్వే రాళ్ల మీద ఊగుతూ పోయి మక్క చేనులో దూరింది. తుపాకి చప్పుడు వినబడలేదు. వంటింట్లో అన్నం గంజి వార్చే వేళకు వెలుగు తిరిగి వచ్చింది. సుబ్రహ్మణ్యంగారు ఇంటికి వెళ్లకుండా అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

బాపు తుపాకిని అమ్మకు అందించాడు. ఆమె స్విచ్చి వెనక్కి లాగింది, ముందు కట్టె ఊడదీసింది. ఆయన అరుగు అంచున కూర్చుని కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు.

"వచ్చినయ్. ఏడెనిమిది ఉంటయ్. లైటు జూసి దూరంకెల్లే ఉరికినయ్." తర్వాత కుడిచేత్తో ఎడమ చెయ్యిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "మీ పని మంచిగున్నది సారూ. దానిదేం తప్పులేదు. నా చెయ్యి పోయింది."

సుబ్రహ్మణ్యంగారు ఆయన పక్కకు జరిగి కూర్చుని, మెషీను గురించి అడిగినట్టు అడిగారు. "ఎంతవరకు వస్తోందండీ?"

"మణికట్టు దాంక. గీ వేళ్లు రావు. గీ బొటనేలు అసలే రాదు."

"చల్లగా వేడిగా తెలుస్తోందా?"

"తెలుస్తది. మొన్న చాయ్ వడ్డది. తెల్సింది."

"చెప్పలేదేంటండీ ముందే?"

"జెప్పుడెందుకు, జూస్తలేరా?" అన్నాడు బాపు. కోపంగా కాదు. చాలా అలిసిపోయినవాడు అన్నట్టు అన్నాడు.

సుబ్రహ్మణ్యంగారు వెంటనే దారి చెప్పారు. తీగ లాగి కుడిచేతి వేలి దగ్గర కాలింగు బెల్లు స్విచ్చి పెడతానన్నారు, అరగంట పని. బాపు గుమ్మం వైపు చూశాడు. లోపల అమ్మ పళ్లాలు పెడుతోంది. "ఒద్దు సారూ. గిట్లనే ఉండనియ్యి" అన్నాడు. "బువ్వ చల్లగైతాంది, రాండ్రి" అని లోపల్నుంచి అమ్మ పిలిచింది. ఆ పూట సుబ్రహ్మణ్యంగారు కూడా మాతోనే తిన్నారు. అమ్మ అన్నం ముద్దలు కలిపి బాపు పళ్లెంలో పెట్టింది, అందరి ముందూ. అంతకుముందు అది లోపలి గదిలో జరిగేదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడు మక్క ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఇంకా కొన్ని పంటలు వచ్చాయి. ప్రతి పొద్దుగూకే వేళ బాపు భుజం మీద తుపాకితో గుమ్మంలో ఆగేవాడు, అమ్మ వచ్చి స్విచ్చి వేసేది. తుపాకిని గోడకు ఆనించి కుడిచేత్తో తానే వేసుకోవచ్చు. వేసుకోలేదు. వెలుగు బయలుదేరిందంటే ఊళ్లో వాళ్లు పొద్దు చూసుకునేవారు, "పటేలు ఎల్లిండు, పాలు పిండుండ్రి" అని. ఎలక్షన్ల ముందు అందరిలాగే తుపాకిని స్టేషనులో అప్పజెప్పడానికి వెళ్తే హెడ్డు కానిస్టేబులు పట్టీని తిప్పి తిప్పి చూసి, "ఏంది పటేలా, సైకిల్ స్టాండు గూడ పెట్టించినవా" అన్నాడు. "చెయ్యి రాదు సారూ, గందుకు" అన్నాడు బాపు. స్టేషనంతా వినేట్టుగానే అన్నాడు. ఆయన మళ్లీ ఒక్క తూటా కూడా కాల్చలేదు. పందులకు లైటే చాలింది.

చేను చివరికి పోయింది. పందుల వల్ల కాదు. సగం రోడ్డు కింద పోయింది, మిగతా సగం రోడ్డు పక్కన ఉంది కాబట్టి పోయింది. ఇప్పుడు అక్కడ ఒక గేటు, గేటుకు ఒక వాచ్‌మన్, లోపల వరసగా ఇళ్లు. వీధి దీపాలు పగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. ఆర్పడం ఎవరి పనో ఎవరికీ తెలియదు. సుబ్రహ్మణ్యంగారు ఉద్యోగం అయిపోయాక వాళ్ల వైపు వెళ్లిపోయారు. అమ్మ బాపు కంటే ముందే పోయింది. చివరి రెండేళ్లూ బాపు చేతిని నేను కడిగాను. మాట్లాడుకుంటూ కడిగేవాళ్లం. ఏ వేలు ఎలా ఉందో ఆయనే చెప్పేవాడు. ఒకప్పుడు ఊరందరికీ దాచిన చెయ్యి అది, ఇప్పుడు పేపరు వేసే మనిషికి కూడా చూపించి చరిత్ర చెప్పేవాడు. ఆ ఇంట్లో ఉన్న కాలం అంతటిలో నాకు తేలిగ్గా గడిచింది ఆ రెండేళ్లే.

ఈ మధ్య నాకు కుడి చెవి సరిగ్గా వినబడటం లేదు. కొత్తగా కాదు, ఏడాదిన్నర అయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. మా ఆవిడ నాకు ఎడమ వైపు కూర్చోవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి వచ్చినప్పుడు కాలింగు బెల్లు మార్చి ఇంకా గట్టిది పెట్టించింది. పాతది పాడైందని చెప్పింది. టీవీ కింద అక్షరాలు వచ్చేట్టు చేశారు. నేను కూడా ఇప్పటి ఫోన్లు బాగుండటం లేదని, ఇప్పటి పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడతారని అంటూ వస్తున్నాను. వాళ్లు అవునంటున్నారు. చాలా మర్యాదగా నడుస్తోంది సంసారం. ఎంత మర్యాదగా అంటే, సాయంత్రానికి అందరం అలిసిపోతున్నాం.

తుపాకి అప్పజెప్పి వచ్చిన రోజు ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే, మా ఆవిడ ఏదో అడిగింది. కుడి వైపు నుంచి. పెదవులు చూసి, అన్నం తింటానా అని అడిగిందనుకుని, తింటాను అన్నాను. ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసి, వెళ్లి అన్నం పెట్టింది. ఆమె అడిగింది అది కాదని తెలుసు. ఏం అడిగిందో ఇప్పటికీ తెలియదు. వచ్చే ఆదివారం అమ్మాయి వస్తుంది, ఇద్దరూ ఉన్నప్పుడు చెవి సంగతి చెబుదామనుకుంటున్నాను. పోయిన ఆదివారం కూడా ఇలాగే అనుకున్నాను.